మా అడుగుల్లో కరెంటు ఎంతుందో ముందు లెక్క చూపించండి: పండగ ఏర్పాట్లు చూసే అధికారులకి ఒక లైటింగ్ షాపు అతని బహిరంగ లేఖ

దసరాకి, పుష్కరాలకి, తిరనాళ్ళకి ఏర్పాట్లు చూసే అధికారులకి, ఇంజినీర్లకి, ఎలక్ట్రికల్ సెక్షన్ వాళ్ళకి,

నమస్కారమండీ. దసరా పదిరోజులూ మీలో చాలామంది ఇంటికి కూడా వెళ్ళకుండా రోడ్డు మీదే ఉంటారు, నేనూ రోడ్డు మీదే ఉంటా కాబట్టి చూస్తూనే ఉన్నా, ఆ కష్టం కాదనేవాణ్ణి కాదు. ఇంక విషయానికొస్తా: చీకటైతే మెట్లకి లైట్లు, భక్తుల అడుగులతోనే కరెంటు పుట్టిస్తామని ఒక కంపెనీ చూపిస్తున్న పలకలు.

నాది విజయవాడ వన్‌టౌన్‌లో చిన్న షాపు. సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు, మైకు సెట్లు, జనరేటర్లు అద్దెకిస్తా. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. వైర్‌మ్యాన్‌గా మొదలుపెట్టా, ఇప్పటికీ స్తంభం ఎక్కమంటే ఎక్కుతా, మోకాళ్ళు ఒప్పుకుంటే. జనరేటర్లు అద్దెకిచ్చేవాడు ఏ కొత్త కరెంటు వచ్చినా ఏడుస్తాడు అని మీరు అనుకోవచ్చు, అనుకోండి, అందుకే ముందే చెప్తున్నా. నేను రాసేదంతా లెక్కే, కాగితం పెన్ను తీసుకుని మీరే వేసి చూసుకోవచ్చు.

మెట్లకి లైట్లు పెట్టించమని సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ పెట్టా. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో చూద్దామని వెళ్ళి అడిగితే "కంప్యూటర్లో క్లోజ్ అయిపోయిందండీ, మళ్ళీ కొత్తగా పెట్టుకోండి" అన్నారు. మూడోసారి పెట్టా. దానికి మెసేజ్ కూడా రాలేదు. ఏ ఆఫీసు అనేది రాయను, రాస్తే మాటంతా ఆ ఆఫీసు మీదకి పోయి అసలు సంగతి పక్కకి పోతుంది.

అసలు సంగతి ఇది.

మూడేళ్ళ కిందట ఒక ఉత్సవం. మెట్ల దారి, రెండు పక్కలా బారికేడ్లు, రాత్రి ఎనిమిదిన్నర దాటింది. మెయిన్ కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, డీజిల్ ఉంది, చేంజోవర్ (మెయిన్ నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్) తిప్పాల్సిన కుర్రాడు టీకి వెళ్ళాడు. (నా కుర్రాడు కాదు. కానీ నా కుర్రాడూ టీకి వెళ్తాడు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.) నాలుగు నిమిషాలు చీకటి. నేను ఆ మెట్ల మీదే ఉన్నా, పక్క స్తంభం మీద ఫోకస్ మార్చి దిగి నిలబడ్డా. ఒక్కొక్కటిగా ఫోన్ టార్చిలు వెలిగాయి, కానీ ఆ వెలుగంతా మొహాల మీదే పడింది, కాళ్ళ కింద మెట్టు ఎవరికీ కనపళ్ళా. ఒక పెద్దావిడ మెట్టు ఉందనుకుని కాలేసింది, అక్కడ మెట్టు లేదు, చదును. చీలమండ మెలిపడి కూలబడిపోయింది. ఆవిడ చుట్టూ నలుగురు ఆగారు. ఆ నలుగురి వెనకాల నలభై మంది ఆగారు. వాళ్ళ వెనకాల వాళ్ళకి మాత్రం ముందు ఏం జరుగుతుందో తెలీదు, "కదలండమ్మా కదలండి" అని అరుస్తూ ఎక్కుతూనే ఉన్నారు. నా ముందు ఒకాయన పిల్లాణ్ణి భుజం మీద నుంచి తీసి బారికేడ్ పైనుంచి అవతలికి అందించాడు, ఎవరికి అందించాడో ఆయనకే తెలీదు, అందుకునే చేతులు కనపడ్డాయంతే.

లైట్లు వచ్చాయి. ఎవరికీ ఏం కాలేదు, ఆ పెద్దావిడ కాలు తప్ప. ఎవరూ పోలేదు కాబట్టి ఎక్కడా రాయలేదు, ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నేను పెట్టుకున్న అర్జీలో ఉన్నది ఒకటే, మెట్ల అంచులకి బ్యాటరీతో పనిచేసే చిన్న లైట్లు పెట్టించండి అని. ఇది ఇలా ఉండగా ఈ మధ్య ఒక మీటింగుకి పిలిస్తే వెళ్ళా, కాంట్రాక్టర్లు, సప్లయర్లు అందరం ఉన్నాం. అక్కడ ఒక కంపెనీ ఆయన తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. జనం నడిచే దారిలో నేల మీద పలకలు పరుస్తారంట, అడుగు పడగానే కరెంటు పుడుతుందంట, లక్షలమంది భక్తులు నడిస్తే కొండంతా వాళ్ళ అడుగుల కరెంటుతోనే వెలిగిపోతుందంట. ముందు వరసలో కూర్చున్న సార్లు తలకాయలు ఊపారు. నాకు కూడా ముచ్చటేసింది, నిజం చెప్పాలంటే. నాలుగు నిమిషాల చీకటి చూసినవాణ్ణి కదా, నడిచే కాళ్ళే లైటు వేసుకుంటాయంటే ఎవరికి బాగోదు? కానీ కరెంటు మనిషిని, ఇంటికొచ్చి లెక్క వేయకుండా నిద్రపట్టలేదు.

ఈ పలకలు రెండు రకాలు. ఒకటి మన వంటింట్లో ఉన్నదే. గ్యాస్ లైటర్ టక్కుమని నొక్కితే నిప్పురవ్వ వస్తుంది చూడండి, అందులో బ్యాటరీ లేదు, చెకుముకి రాయీ లేదు. ఒక చిన్న స్ఫటికం ముక్క ఉంటుంది, దాని మీద సుత్తి లాంటిది కొడుతుంది, ఒత్తిడికి కరెంటు పుడుతుంది. దీన్ని పీజో అంటారు, 1880లో ఫ్రాన్సులో క్యూరీ అన్నదమ్ములు పియర్, జాక్ కనిపెట్టారు. రెండో రకం డైనమో. పలక కిందకి దిగితే లోపల ఉన్న చక్రం తిరుగుతుంది, మా చిన్నప్పుడు సైకిల్ టైరుకి తగిలించేవాళ్ళం, అదే. డైనమో వేస్తే తొక్కడం ఎంత బరువయ్యేదో ఆ కాలం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అంటే ఆ లైటు ఊరికే వెలగలేదు, మన పిక్కల్లోంచి వెలిగింది. ఈ పలకలదీ అదే కథ, ఆ కరెంటు ఎవరి దగ్గర్నుంచి వస్తుందయ్యా అంటే ఉపవాసం ఉండి కొండెక్కే మనిషి మోకాళ్ళలోంచి వస్తుంది. కృష్ణలో ఇసక మీద నడిస్తే కాళ్ళు పీకేదీ అందుకే.

ఇప్పుడు లెక్క. మనిషి బరువు 60 కేజీలు అనుకోండి. పలక 5 మిల్లీమీటర్లు దిగుతుంది అనుకోండి, అంతకన్నా ఎక్కువ దిగితే ముసలివాళ్ళు తూలిపోతారు. బరువుని 9.8తో, దిగిన దూరంతో గుణిస్తే అడుగుకి దగ్గరదగ్గర 3 జౌళ్ళు (జౌలు అంటే శక్తికి కొలత). ఈ బరువుకి, ఈ దిగుడుకి మామూలు నడకలో ఏ కంపెనీ అయినా దీన్ని పెద్దగా దాటలేదు, ఇంటర్ ఫిజిక్సే. అందులో సగం కరెంటుగా చేతికొచ్చిందనుకుందాం, ఒకటిన్నర జౌలు. మీ మీటర్లో ఒక యూనిట్ తిరగాలంటే 36 లక్షల జౌళ్ళు కావాలి. అంటే ఒక్క యూనిట్‌కి 24 లక్షల అడుగులు.

పది మీటర్ల దారికి పలకలు పరిచారు, లక్షమంది నడిచారు, ఒక్కొక్కరు దాని మీద పదిహేను అడుగులు వేశారు. పదిహేను లక్షల అడుగులు. వచ్చేది 0.6 యూనిట్. ఆ కరెంటుతో ఒక సీలింగ్ ఫ్యాను ఎనిమిది గంటలు తిరుగుతుంది. ఒక్క ఫ్యాను. నా భాషలో చెప్పాలంటే, లీటరు డీజిల్‌కి జనరేటర్ మూడు యూనిట్ల పైచిలుకు ఇస్తుంది, అంటే లక్షమంది కాళ్ళరిగేలా నడిస్తే మిగిలేది రెండు టీ గ్లాసుల డీజిల్. అదే 540 వాట్ల సోలార్ పలక ఒక్కటి బెజవాడ ఎండలో పడేస్తే రోజుకి రెండు యూనిట్లు, ఎవరూ దాన్ని తొక్కక్కర్లేదు. మన ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు కదా.

విదేశాల్లో ఏం చేశారు అని అడుగుతారు, ఆ మీటింగులో కూడా ఆయన ఫారిన్ ఫొటోలే చూపించాడు. అవి నిజమే, నేను కాదనను, ఫొటో పక్కన అంకె లేదు అంతే నా బాధ. టోక్యో స్టేషన్లో టికెట్ గేట్ల దగ్గర జపాన్ రైల్వే వాళ్ళు 2006లో, మళ్ళీ 2008లో ఇలాంటి నేల పరిచి ప్రయోగం చేశారు. 2008లోనే నెదర్లాండ్స్‌లో రాటర్‌డామ్ ఊళ్ళో ఒక డాన్స్ క్లబ్బులో నేల మొత్తం ఇలా కట్టారు, ఎగిరితే నేలలో లైట్లు వెలిగేవి, అక్కడ జనం ఎగరడానికే వస్తారు కాబట్టి బాగానే కుదిరింది. 2014లో బ్రెజిల్‌లో రియోలో ఒక బస్తీ ఫుట్‌బాల్ గ్రౌండ్ కింద 200 పలకలు పెట్టారు, పీలే వచ్చి ప్రారంభించాడు, కానీ పక్కనే సోలార్ కూడా పెట్టారు, ఆ ముక్క ఫొటోలో కనపడదు. ఇంకోటి 2013 పారిస్ మారథాన్. దాదాపు 40 వేల మంది పరిగెత్తే పరుగు, దారిలో పాతిక మీటర్ల మేర 176 పలకలు పరిచారు. అంతా అయ్యాక వచ్చింది 4.7 యూనిట్లు. ఇది వాళ్ళే చెప్పిన లెక్క, నేను తగ్గించింది కాదు. మనింట్లో ఒకటిన్నర టన్ను ఏసీ నాలుగు గంటలు వేస్తే అయిపోయే కరెంటు అది.

ఇంతవరకూ చదివి, అయితే వద్దంటున్నావా అంటారు. అక్కడే నాకూ ఒక సంగతి తెలిసింది, ఆ సంగతి కోసమే ఈ లేఖ.

మా చెల్లెలి కొడుకు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. వాడూ నేనూ కలిసి గవర్నర్‌పేటలో పార్టుల షాపుకెళ్ళి బజర్లలో వేసే ఇత్తడి బిళ్ళలు, పీజో బిళ్ళలు అవి, నలభై కొన్నాం. రెండు ప్లైవుడ్ ముక్కల మధ్యలో స్పాంజి పెట్టి అంటించాం, డయోడ్లు కలిపాం, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, నా పాత ముల్లు మీటరు పెట్టాం. డిజిటల్ మీటరు పెడదాం మామయ్యా అన్నాడు వాడు, ముల్లు ఊగితే చూడ్డానికి బాగుంటుందిరా అన్నా. షాపు గుమ్మం ముందు పరిచాం, దసరా రోజులు, సీరియల్ సెట్ల కోసం వచ్చేవాళ్ళందరూ దాన్ని తొక్కే లోపలికి రావాలి. అడుగు పడ్డప్పుడల్లా ఎల్‌ఈడీ మిణుకుమనేది. పిల్లలైతే కొనేది కొనేశాక కూడా వెళ్ళకుండా దాని మీద గెంతేవాళ్ళు. ఫోన్ చార్జింగ్ పెట్టి చూశాం, చార్జింగ్ గుర్తు కూడా రాలేదు. ఒక ఫోను నిండాలంటే అడుగుకి ఒకటిన్నర జౌలు చొప్పున మంచి కంపెనీ పలక మీద కూడా 45 వేల అడుగులు వేయాలి, మా ప్లైవుడ్ మీదైతే వచ్చే జన్మకి నిండుతుందేమో.

రాత్రి తొమ్మిదింటప్పుడు షాపు నిండా జనం. క్యాష్ దగ్గర బేరం, ఎవరో చిల్లర కోసం ఆపేశారు, లైను గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ ప్లైవుడ్ మీద ఇద్దరు నిలబడి ఉన్నారు, ఒకాయన మనిషి కూడా భారీ. నేను లోపల్నుంచి ముల్లు చూశా. ముల్లు సున్నా మీద ఉంది.

బరువు ఉంది, కరెంటు లేదు. ఎందుకంటే పీజోకి బరువు కాదు కావాల్సింది, బరువులో మార్పు. అడుగు పడ్డప్పుడు ఒకసారి, తీసినప్పుడు ఒకసారి ముల్లు ఊగుతుంది. మనిషి నిలబడిపోతే నోరు మూసుకుంటుంది. ఆ ముల్లు సున్నా దగ్గర చూస్తూ ఉంటే నాకు ఆ నాలుగు నిమిషాలు గుర్తొచ్చాయి. ఆ రోజు మెట్ల కింద ఇలాంటిది ఒకటి ఉండుంటే, పెద్దావిడ కూలబడ్డ మెట్టు దగ్గర ముల్లు సున్నాకి పడిపోయేది, కింద ఇరవయ్యో మెట్టు దగ్గర మాత్రం ఊగుతూనే ఉండేది. పైన ఆగారు, కింద ఎక్కుతూనే ఉన్నారు అనే ముక్క వెనకాల వాళ్ళకి తెలియాలి, తెలియనిది అదే. ఖాళీ మెట్టు కూడా సున్నాయే కదా అని మా వాడు అడిగాడు. నిజమే, ఒక్క పలక చూస్తే తెలీదు, కానీ కింద అడుగులు పడుతుంటే, పై నుంచి ఎవరూ బయటకి పోకుండా మధ్యలో సున్నా అయితే అది ఖాళీ ఎలా అవుతుంది?

కాబట్టి నా మాట ఒకటే. అడుగుల్లో కరెంటు చిల్లర పైసలు, దాన్ని లక్షల యూనిట్లు అని అమ్మకండి, కొనకండి. ఆ అడుగులు చెప్పే మాట మాత్రం బంగారం, అది వినండి. నేను అర్జీ పెడితే మూడుసార్లూ వినలేదు, కనీసం అడుగులు అడిగితే అన్నా వింటారేమో.

2027లో గోదావరి పుష్కరాలు, 2028లో మన కృష్ణా పుష్కరాలు. 2016లో పన్నెండు రోజులూ మన ఘాట్లలో జనం ఎంతమందో చూశాం, బాగానే గడిచింది. అంతకు ముందు ఏడాది 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. అది పొద్దున పూట జరిగింది, చీకటి వల్ల కాదు, నాకు తెలుసు. కానీ చాలా తొక్కిసలాటల్లో వెనకాల వాడికి ముందు సంగతి తెలీకపోవడం అనేది మాత్రం ఉంటుంది. అందుకని ఈ కిందవి అడుగుతున్నా.

1. ముందు మెట్ల లైట్లు. పలకలు, ప్రయోగాలు అన్నీ తర్వాత. మెట్టు అంచుకి ఒక వాటు ఎల్‌ఈడీ పట్టీ, టార్చిలైట్లో వేసే లిథియం సెల్ ఒకటి, అది మెయిన్ ఉన్నప్పుడు చార్జ్ అవుతుంది, పోతే వెలుగుతుంది. ఆ సెల్ ఒక్కటి తొమ్మిది పది వాట్ అవర్లు దాచుకుంటుంది, ఒక వాటు పట్టీ రాత్రంతా వెలుగుతుంది. దీనికి ఏ ఫారిన్ కంపెనీ అక్కర్లేదు, ఆటోనగర్లో చేయించుకోవచ్చు. పైనుంచి వేసే ఫోకస్ లైటు ఎంత పెద్దదైనా ముందు మనిషి నీడ మన మెట్టు మీదే పడుతుంది, లైటు కాళ్ళ దగ్గర ఉండాలి. ఫోకస్ లైట్లు అద్దెకిచ్చేవాణ్ణి నేనే చెప్తున్నా.

2. చేంజోవర్ మనిషి చేతిలో వదలకండి. మెయిన్ పోగానే దానంతటదే జనరేటర్ స్టార్టయ్యే ఆటోమేటిక్ ప్యానెల్స్ ఎప్పట్నుంచో ఉన్నాయి, అపార్ట్‌మెంట్లలో లిఫ్టు కోసం పెట్టుకుంటున్నారు. వేలమంది ఎక్కే మెట్లకి ఎందుకు ఉండకూడదు? ఇంకోటి, జనరేటర్ పొగగొట్టం క్యూలైను వైపు పెట్టనివ్వకండి. ధర్మదర్శనం లైన్లో చంటిపిల్లల్ని వేసుకుని గంటలు గంటలు నిలబడేవాళ్ళు ఆ పొగే పీలుస్తున్నారు, ఐదొందల టికెట్ లైను పక్కన జనరేటర్ ఉండగా నేను ఎప్పుడూ చూళ్ళేదు. నా జనరేటర్లు కూడా చెప్పిన చోటే పెట్టాను, కాబట్టి ఇందులో నా తప్పూ ఉంది.

3. పలకలు పెట్టదలుచుకుంటే కొండంతా వద్దు, ఇరవై మెట్లు చాలు. పైన కప్పు ఉన్న, నీళ్ళు పడని చోట ఒక పండగ మొత్తం పెట్టి చూడండి. దాని పక్కనే అందరికీ కనపడేలా పెద్ద అంకెల మీటరు పెట్టండి, ఈ రోజు ఇన్ని అడుగులు, ఇంత కరెంటు అని. 0.2 యూనిట్ వస్తే 0.2 అనే చూపించండి, జనం నవ్వరు. ఆ మెట్టు లైటు ఆ మెట్టు అడుగులతోనే వెలిగితే చూసి ముచ్చటపడతారు కూడా, లెక్క ప్రకారం సెకనుకి ఒక అడుగు పడితే ఒకటిన్నర వాట్లు, అంచు పట్టీకి సరిపోతుంది. జనం ఆగిపోతే లైటు కూడా ఆగిపోతుంది కాబట్టి మొదటి పాయింట్లో చెప్పిన సెల్ మాత్రం ఎప్పుడూ ఉండాలి, ఇది మర్చిపోతే మొత్తం పోయినట్టే, చీకట్లో ఇరుక్కున్న జనానికి అప్పుడే కదా లైటు కావాల్సింది.

4. ఆ పలకల నుంచి వచ్చే అడుగుల లెక్క కంట్రోల్ రూమ్‌లో తెర మీద మాత్రమే పెట్టి వదిలేస్తే లాభం లేదు. పైన మెట్లు సున్నా అయి కింద ఇంకా కదులుతుంటే, కింద బారికేడ్ దగ్గర ఉన్న కానిస్టేబుల్‌కి, వాలంటీర్‌కి అక్కడికక్కడే ఎర్రలైటు వెలగాలి, వాళ్ళు గేటు వేసేయాలి, ఎవర్నీ అడక్కుండా. ఫోన్ చేసి సార్ పర్మిషన్ తీసుకునేలోపు అయ్యేది అయిపోతుంది. కెమెరాలు ఉన్నాయిగా అంటారు, ఉన్నాయి, చీకట్లో మామూలు కెమెరాకి ఏం కనపడుతుంది? పలకకి మొహాలు అక్కర్లేదు, పేర్లు అక్కర్లేదు, కాలు పడిందా లేదా అంతే.

5. ఎక్కడ పెట్టకూడదో రాసిపెట్టండి. స్నానఘట్టాల్లో వద్దే వద్దు, తడి కాళ్ళు, పాకుడు, పైగా కదిలే మెట్టు. మెట్లపూజ చేసే చోట వద్దు. లండన్‌లో, పారిస్‌లో పలక మీద బూట్లు పడ్డాయి, మన దగ్గర ఆడవాళ్ళు మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి కర్పూరం వెలిగిస్తారు, కొబ్బరికాయ నీళ్ళు పారతాయి. ఆ పసుపు పలక సందుల్లోకి దిగి గట్టిపడితే మూడో రోజుకి పలక కదలదు, కదలని పలక కరెంటూ ఇవ్వదు, లెక్కా చెప్పదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి, చక్రాల కుర్చీ వాళ్ళకి పక్కన మామూలు నేల వదలండి. పీజోల్లో ఎక్కువగా వాడే పదార్థంలో సీసం ఉంటుంది, అందుకని పగిలిన పలకలు కాలవలో పడేయకుండా కంపెనీయే వెనక్కి తీసుకెళ్ళాలని రాయించండి. మన కాలవల్లో ఇప్పటికే ఉన్నవి చాలు.

6. టెండర్లో "లక్షలాది భక్తుల పాదశక్తి" లాంటి మాటలు వద్దు. అడుగుకి ఎన్ని జౌళ్ళు, ఎన్ని లక్షల అడుగుల దాకా గ్యారంటీ, పలక ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుంది, చెడితే ఎన్ని గంటల్లో మారుస్తారు, ఇవి ఉండాలి. డబ్బులు మీటర్ చూసి కట్టండి. హుండీలో పడిన డబ్బైనా, మేం కట్టిన పన్నైనా, మాదే.

7. ఫోన్ చార్జింగ్, తప్పిపోయినవాళ్ళ మైకు, ఫస్ట్ ఎయిడ్ టెంటు, వీటికి సోలార్, బ్యాటరీ పెట్టండి. మన రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారం కప్పు మీదే సోలార్ పలకలు పెట్టారు కదా, క్యూలైన్ల మీద ఎలాగూ రేకుల షెడ్లు వేస్తారు, ఆ రేకుల మీదే పెట్టొచ్చు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేదు, నేను ట్రాక్టర్ మీద చిన్న జనరేటర్ వేసుకుని వెళ్తే నడుంలోతు నీళ్ళలో ఫోన్లు నెత్తి మీద పెట్టుకుని వచ్చారు జనం. ఒకమ్మాయి ఐదు శాతం ఎక్కగానే చాలన్నా అని పీకేసుకుని వాళ్ళ అమ్మకి ఫోన్ చేసింది. కొంచెం కరెంటు సరైన చోట ఉంటే ఎంత విలువో ఆ రోజు చూశా. చిన్న కరెంటుని నేను తక్కువ చేసి మాట్లాడట్లేదు, పెద్దదని చెప్పొద్దు అంటున్నానంతే.

8. ఈ లేఖకి ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. పెడతాం, పెట్టం, ఇందుకు పెట్టం, ఏదైనా సరే. "పరిష్కరించబడింది" అని మాత్రం పంపకండి, ఫలానా మెట్ల మీద లైటు వేశాం అని ఫొటో పంపండి, నేనే వెళ్ళి చూసుకుంటా.

నా లెక్కల్లో తప్పుంటే మీ ఇంజినీర్లు చెప్పొచ్చు, సరిదిద్దుకుంటా, సిగ్గేం లేదు. ఆ కంపెనీ ఆయన కూడా రావొచ్చు. మా ప్లైవుడ్ బల్ల ఇంకా షాపు గుమ్మం ముందే ఉంది, ఒక మూల చెదలు పట్టింది, నలభై బిళ్ళల్లో పదకొండు పగిలాయి, మిగతావి పనిచేస్తున్నాయి. వచ్చేటప్పుడు ఇద్దరు రండి సార్. ఒకళ్ళు దాని మీద నడవండి, ఒకళ్ళు లోపల కూర్చుని ముల్లు చూడండి. ఆ తర్వాత ఇద్దరూ దాని మీదకెక్కి ఒక నిమిషం కదలకుండా నిలబడండి, ముల్లు నేను చూసి చెప్తా.

ఇట్లు,
పండగలకి లైట్లు కట్టే ఒక వైర్‌మ్యాన్,
వన్‌టౌన్, విజయవాడ